అక్షు మునివేళ్లు, నా మార్కుల పట్టిక

ఆరేళ్ల పిల్ల మునివేళ్ల మీద మా ఇంటి భవిష్యత్తు మొత్తాన్ని నేనెలా నిలబెట్టానో, అది మూడు వారాలు తిరగకముందే ఎలా కూలిందో చెప్పబోతున్నాను. కూలినప్పుడు ఎవరికీ దెబ్బ తగల్లేదని కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నాలాంటి కంగారు తల్లి ఎవరైనా ఇది చదువుతుంటే, సంగతి తేలేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. ఊపిరి పీల్చుకోమ్మా. పిల్ల బాగుంది. పోయింది పరువొక్కటే, అదీ నాది.

మేముండేది పటాన్‌చెరులో. కింద ఓనర్ ఆంటీ వాళ్ల పప్పుల దుకాణం, పైన మా రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన నరేశ్ బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. నెలలో ఎక్కువ రోజులు సి షిఫ్టే, అంటే రాత్రంతా పని. పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు దిగి, నాలుగు ముద్దలు తిని, ఎనిమిదింటికి పడుకున్నాడంటే మళ్లీ లేచేది మూడింటికే.

ఎనిమిది నుంచి మూడు దాకా మా ఇంట్లో అత్తమ్మ పరిపాలన. కుక్కరు కూత వేయకూడదు, అందుకని గిన్నెలో గంజి వార్చిన అన్నమే తింటాం. టీవీలో బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. అత్తమ్మ తన సీరియళ్లన్నీ మూగగానే చూసి కథ తనే అల్లుకుంటుంది, అల్లిందే అసలుకంటే బాగుంటుందని నా నమ్మకం. స్టీలు గిన్నె కింద పెట్టాలంటే ముందు బట్ట పరచాలి. తలుపు గడియకు వారానికోసారి కొబ్బరినూనె రాయాలి. కూరగాయల బండి అతను మా సందులోకి రాగానే అరుపు ఆపేసి, ఒక టమాటా ఎత్తి పైకి చూపిస్తాడు. ఎన్ని కిలోలో మేం వేళ్లతో చూపిస్తాం. షిఫ్టు డ్యూటీ ఇళ్లవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. నాకూ కనిపించలేదు. నా కొంప అక్కడే మునిగింది.

ఇక అసలు సంగతి. మార్చి నెలలో ఒకరోజు మా అక్షు స్కూలు డైరీలో టీచరు ఎర్ర సిరాతో రెండు వాక్యాలు రాసి పంపింది. మీ అమ్మాయి ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తోంది, ఒకసారి డాక్టరుకు చూపించండి అని.

నేను అక్షుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించి చూశాను. నిజమే. మడమలు గాలిలో ఉన్నాయి. పిల్ల పిల్లిలా, కాదు, పిల్లి కూడా కుళ్లుకునేంత తేలిగ్గా సాగిపోతోంది. ఆరేళ్లుగా కళ్లెదుట తిరుగుతున్న పిల్లని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను.

చేతిలో ఫోనున్న తల్లికి రోగాలకు కొదవేముంటుంది? సాయంత్రానికల్లా అక్షుకి నరాలకు సంబంధించినవి నాలుగు, కండరాలకు సంబంధించినవి మూడు, పేరు పలకడానికి కూడా రానివి రెండు వచ్చేశాయి. ఆమె మాత్రం మంచం కింద బొమ్మతో చప్పుడు చేయకుండా ఆడుకుంటోంది.

"అత్తమ్మా, అక్షు కాళ్లు చూసిన్రా?" అని గుసగుసగా అడిగాను. పగలు మా ఇంట్లో మాటలన్నీ గుసగుసలే.

"మంచిగనే ఉన్నయి గద బిడ్డా," అంది అత్తమ్మ.

"మడమలు కింద ఆన్తలేవు."

"అది నడక నేర్సిన కాన్నించి గట్లనే నడుస్తది. గా స్కూలామెకు పని లేదు, నీకు నిద్ర లేదు."

అయినా ఆమె కూడా లోపల బెదిరిందని నాకు తెలుసు. ఎందుకంటే ఆ వెంటనే తలమీద కొంగు కప్పుకుని, పోరి కాళ్లు మంచిగుంటే ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ఒడిబియ్యం పోస్తానని మొక్కుకుంది.

సంగారెడ్డిలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన అక్షు పాదాన్ని అటూ ఇటూ వంచాడు, గొంతుక్కూర్చోబెట్టాడు, మడమల మీద నడవమన్నాడు. అక్షు బాతులా నడిచి చూపించి నవ్వింది. "కాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. రోగం కాదు, అలవాటు. అదే పోతుంది," అన్నాడు.

"అలవాటు ఎక్కణ్నించి వచ్చింది సార్?"

"అది మీకే తెలియాలి."

నాకు ఒళ్లు మండింది. ఫీజు తీసుకుని ప్రశ్న నాకే తిప్పి ఇస్తాడా? రోగం లేదంటే సంతోషించాల్సింది పోయి, కారణం చెప్పలేదని బస్సులో దారి పొడుగునా కుములుతూ వచ్చాను. అలవాటట. ఆకాశంలోంచి ఊడిపడుతుందా అలవాటు?

ఈ కుములుడులో ఉండగానే ఓనర్ ఆంటీ దుకాణానికి కందిపప్పు కోసం వెళ్లాను. ఆంటీ గల్లా దగ్గర కూర్చుని ఫోన్లో ఏదో చూస్తోంది. తొంగి చూశాను. తెల్లటి గౌను వేసుకున్న ఒక దొరసాని పిల్ల మునివేళ్ల మీద నిలబడి బొంగరంలా తిరుగుతోంది. మడమలు గాలిలో. అచ్చం మా అక్షు.

"ఇదేందాంటీ?"

"బ్యాలే అంటరట. నా మేనకోడలు పంపింది. దాని బిడ్డను ఎండకాలం క్యాంపుల ఏస్తదట, పట్నంల."

ఆ క్షణంలో నా బుర్రలో ఏం జరిగిందో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం దుకాణంలో లైట్లన్నీ ఒక్కసారి వెలిగినట్టయింది. కారణం దొరికింది. రోగమూ కాదు, అలవాటూ కాదు. వరం. పుట్టుకతో వచ్చిన విద్య. దేశాలు దాటి ఎక్కడో పుట్టాల్సిన నాట్యకత్తె దారి తప్పి పటాన్‌చెరులో పప్పుల దుకాణం పైన పుట్టింది. భయపడీ భయపడీ అలిసిపోయిన మనసుకు గర్వపడే సందు దొరికితే ఎంత హాయిగా ఉంటుందో కంగారు తల్లులకే తెలుసు. ఆ సందులో నేను దూరిపోయాను. తిరిగి రాలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. పెళ్లయిన కొత్తలో నేను రెండేళ్లు బొల్లారంలోనే ఒక మందుల కంపెనీ నాణ్యత పరీక్షల ల్యాబులో పనిచేశాను. ల్యాబు మానేసినా పట్టికలు మానలేదు. పెళ్లిసంబంధాల నుంచి పెసరపప్పు దాకా ఏది ఎంచాలన్నా రెండు నిలువు గీతలు గీసి మార్కులు వేస్తాను. కనుక ఎండాకాలం బ్యాలే బడి మంచిదా కాదా అని ఒక పెద్ద పట్టిక గీశాను. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు.

నష్టాలు నిజాయితీగానే మొదలుపెట్టాను. మే నెల ఎండలో రోజూ బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. కూలర్ కోసం దాచిన డబ్బు ఫీజుకు పోతుంది. పెరిగే ఎముకలు, బెణికితే ఎలా? గోడంతా అద్దాలుంటాయట, ఆ అద్దాల్లో తనను తాను పక్కపిల్లతో పోల్చుకుని చిన్నబోతే ఎలా? అన్నిటికంటే ముఖ్యంగా, ఎండాకాలమంతా హత్నూర పక్క మా అత్తమ్మ వాళ్ల పల్లెలో మామిడికాయ ఉప్పుకారం, మేకపిల్లలు, సాయంత్రం దాకా ఊరంతా తిరగడం, అన్నీ పోతాయి. అక్షు ఏడాదంతా రోజులు లెక్కపెట్టేది వాటి కోసమే. లాభాల వైపు వెన్ను నిటారుగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది, కొత్త పిల్లలు పరిచయమవుతారు అని రాసి మార్కులు కలిపాను. బడి తప్పింది. నష్టాలదే పైచేయి.

మళ్లీ వేశాను. ఎండకు మార్కులు తగ్గించాను, టోపీ ఉంది కదా. మేకపిల్లలు ఎక్కడికి పోతాయి, వచ్చే ఏడు కూడా ఉంటాయి. మళ్లీ తప్పింది. మూడోసారి 'పుట్టుకతో వచ్చిన వరం' అని ఒక కొత్త గడి చేర్చి దానికి వందకు వంద వేశాను. బడి పాసైంది. ల్యాబులో నచ్చిన ఫలితం వచ్చేదాకా ఇలా మళ్లీ మళ్లీ పరీక్ష చేస్తే ఉద్యోగం ఊడుతుంది. తల్లి ఉద్యోగంలో ఆ భయం లేదు.

పట్టిక తీసుకెళ్లి ఆంటీకి చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది.

"అన్ని మంచిగ రాసినవ్ స్వప్నా. పోరినడిగినవా?"

"దానికేం తెలుస్తది ఆంటీ, ఆరేండ్లు."

"నేనైతే కంది బస్తా కొన్నా సంచి ఇప్పి, గింజ నోట్లేసుకొని కొరుకుత. సంచి మీద అచ్చేసిన రాత సూసి కొన." అని కళ్లజోడు తీసి పట్టిక నా చేతిలో పెట్టింది.

వ్యాపారస్తులకు కళల గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇవాళ ఆ గల్లాపెట్టెకు దండం పెట్టాలనిపిస్తోంది.

మొదట దూరపు నగరంలో రెండు వారాలు అక్కడే ఉంచుకుని నేర్పే ఒక బడికి ఫోన్ చేశాను. పాప ఎన్నాళ్లుగా నేర్చుకుంటోందని వాళ్లడిగారు. నడక వచ్చినప్పటి నుంచి అన్నాను. అవతలి మనిషి ఇంకోసారి చెప్పమంది, చెప్పాను. తర్వాత, పదేళ్లు నిండాక చేయమంది. ఆరేళ్ల పిల్లని రెండు వారాలు వదిలి ఉండగలనా అని నేను అప్పుడే ఆలోచించాను, అంటే ఫోన్ చేసిన తర్వాత. ఒక్క రాత్రి పిల్ల పక్కన లేకపోతే మూడుసార్లు లేచి తడుముకునే మనిషిని.

చివరికి లింగంపల్లి దాటాక ఒక ఎండాకాలం బడి దొరికింది. మూడు వారాలు, రోజూ పదింటి నుంచి పన్నెండు. మా ఆయనకు చెబితే, "నీకు మంచిగనిపిస్తే ఎయ్యి. కూలర్ ఎట్లాగు అమ్మ కొననిస్తలేదు," అన్నాడు. నిజమే. కూలర్ చప్పుడుకు కొడుకు లేస్తాడని అత్తమ్మ రెండేళ్లుగా అడ్డుపడుతోంది. అక్షుని పల్లెకు పంపడం లేదని తెలిసి అత్తమ్మ ఒకపూట నాతో మాట్లాడలేదు. గుసగుసల ఇంట్లో మాట్లాడకపోవడాన్ని గుర్తుపట్టడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. మర్నాడు తనూ క్యాంపుకు వస్తానంది, పరాయి చోట పోరి కాళ్లు ఎవరో పట్టి వంచుతారని భయం.

గౌను మన పటాన్‌చెరు టైలరే కుట్టాడు. ఫోన్లో ఫొటో చూపించాను. ఆయన లంగాఓణీలకు వాడే గులాబీ నెట్టు ఆరు పొరలు వేసి, అడుగున గట్టి గుడ్డ పెట్టి కుట్టాడు. అది తొడుక్కుని అక్షు ఆటోలో కూర్చుంటే ఇద్దరు మనుషుల చోటు పట్టింది. గౌనులో పిల్ల కనబడదు, గులాబీ రంగు కాలీఫ్లవర్ మధ్య ఒక తలకాయ కనబడుతుంది, అంతే.

మొదటిరోజు మేం ముగ్గురం ఆ హాల్లోకి అడుగుపెట్టాం. చెక్క నేల, గోడకు అద్దాలు. మిగతా పిల్లలు నల్లటి బనీన్లు, పొట్టి లాగులు వేసుకుని వచ్చారు. టీచరు పేరు నీలోఫర్. పొడుగ్గా, కర్రలా నిటారుగా ఉంటుంది. మేం లోపలికి రావడం చూసి ఆమె ఒక్క క్షణం మా ముగ్గురి కాళ్ల వైపు వింతగా చూసింది. నా గుండె ఉప్పొంగింది. గుర్తుపట్టేసింది, అనుకున్నాను.

పాఠం మొదలైంది. టీచరు మొదటి మాట, "పిల్లలూ, మడమలు నేలకు ఆనించండి."

రెండో మాట కూడా అదే. ఆ రోజంతా అదే. మడమలు నేలకు ఆనించి మోకాళ్లు వంచడం, లేవడం, వంచడం. "అక్షు బేటా, మడమలు కిందికి." మర్నాడు, "అక్షు, మడమలు." మూడోరోజు టీచరే వచ్చి కూర్చుని పిల్ల పాదం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కింది. అత్తమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

నాకు తల తిరిగిపోయింది. మునివేళ్ల మీద నిలబడే విద్య అని ఇంత దూరం ఎండలో తీసుకొస్తే, ఈవిడ కూలర్ డబ్బు పుచ్చుకుని మడమలు దించడం నేర్పుతోంది. మడమలు దించడం మా ఓనర్ ఆంటీకి కూడా వచ్చు. అడిగితే టీచరు ఓపిగ్గా చెప్పింది. మునివేళ్ల మీద నిలబడే పని పన్నెండేళ్లకు గానీ మొదలుపెట్టరట. ఎముకలు గట్టిపడాలి, ఏళ్ల తరబడి అభ్యాసం ఉండాలి. అంతదాకా నేల తెలియాలి అంది. నేను తలూపాను. లోపల మాత్రం ఈమెకు వరం విలువ తెలియదని తీర్పు రాసేసుకున్నాను.

రెండో వారం చివర తల్లిదండ్రులను కూర్చోబెట్టి పాఠం చూపిస్తామన్నారు. నేను ముందురోజే ఒక కాగితం సిద్ధం చేశాను. ల్యాబులో ఏదైనా పని అనుకున్నట్టు జరగకపోతే రాసే నివేదిక ఉంటుంది. జరగాల్సింది ఏమిటి, జరిగింది ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేస్తే సరిపోతుంది అని నాలుగు గడులు. అదే పద్ధతిలో రాశాను. జరగాల్సింది: పుట్టుకతో మునివేళ్ల మీద నడిచే బాలికకు ప్రత్యేక శిక్షణ. జరిగింది: మడమలు దింపుట. కారణం గడి ఖాళీగా వదిలాను, అది టీచరే నింపాలని. చివరి గడిలో, బాలికను పైతరగతికి పంపుట. కింద సంతకం కూడా పెట్టాను.

ఇప్పుడు ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

పాఠానికి ముందే చేతికిస్తే టీచరు ఆ కాగితం చదివింది, మడిచింది, "క్లాస్ అయ్యాక మాట్లాడదాం అమ్మా," అని చేతిలోనే పెట్టుకుంది. నేను వెనక వరుసలో కూర్చుని పక్కన ఉన్న ఇద్దరు తల్లులకు మా అమ్మాయిది పుట్టుకతో వచ్చిందని, ఎవరూ నేర్పలేదని చెప్పాను. వాళ్లు మర్యాదగా నోళ్లు తెరిచారు.

ముందు పిల్లలంతా ఎగిరి దిగాలి. ఒక్కొక్కరూ దిగుతుంటే చెక్క నేల ధడ్ ధడ్‌మంటోంది. అక్షు ఎగిరింది. దిగింది. చప్పుడే లేదు. దూది మీద దూది పడ్డట్టు. టీచరు చప్పట్లు కొట్టి, "ఇది చూడండి, పెద్దపిల్లలకు కూడా ఇంత మెత్తగా దిగడం రాదు," అంది. నేను పక్క తల్లుల వైపు చూశాను. అలాంటి చూపు మళ్లీ నా జన్మలో చూడలేను.

"ఇప్పుడు ఏనుగులం అవుదాం," అంది టీచరు. "ఎంత గట్టిగా అడుగేస్తే అంత పెద్ద ఏనుగు."

పాట పెట్టింది. పదమూడు మంది పిల్లలు నేల అదిరేలా తొక్కుతూ హాలంతా తిరగడం మొదలుపెట్టారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. అక్షు మాత్రం హాలు మధ్యలో కొయ్యబారి నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత కాలీఫ్లవర్‌తో సహా మునివేళ్ల మీద పరుగెత్తుకుంటూ వెళ్లి, దారిలో కనబడిన ప్రతి ఏనుగు ముందూ ఆగి, నోటి మీద వేలు పెట్టింది.

"ష్. లొల్లి చెయ్యొద్దు. డాడీ పండుకున్నడు."

ఏనుగులు ఆగిపోయాయి. టీచరు పాట ఆపింది. టీచరు మోకాళ్ల మీద కూర్చుని అడిగింది, "డాడీ ఎక్కడున్నారు బేటా?"

"ఇంట్ల. సి షిఫ్టు."

"ఇంట్లో కూడా ఇట్లానే నడుస్తావా?"

"నానమ్మ నేర్పింది. మమ్మీ కూడా గిట్లనే నడుస్తది." అని అక్షు మా వైపు వేలు చూపించింది.

హాల్లోని తలలన్నీ తిరిగాయి. ఏం జరుగుతోందో చూద్దామని నేనూ అత్తమ్మా అప్పటికే కుర్చీలు వదిలి ముందుకు వచ్చి నిలబడి ఉన్నాం. నేను కిందికి చూసుకున్నాను. నా మడమలు గాలిలో ఉన్నాయి. పక్కకు చూశాను. అరవై ఏళ్ల మా అత్తమ్మ, కాళ్ల కడియాలతో సహా, మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"మొదటిరోజు మీరు ముగ్గురూ లోపలికి వచ్చినప్పుడే అనుకున్నానమ్మా," అంది టీచరు నవ్వాపుకుంటూ, "ఇంటిల్లిపాదీ డాన్సర్లేమో అని."

ఎవరో ఒక తల్లి కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నేను కూడా నవ్వడానికి నోరు తెరిచాను గానీ ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు. నరాల జబ్బులు నాలుగు, కండరాలవి మూడు, పేరు పలకడం రానివి రెండు, అన్నీ ఒక్కసారిగా నా గుండె మీద నుంచి లేచి వెళ్లిపోయాయి. రెండు నెలల్లో నేను దించని బరువు అది. వరం వరం అని ఊరంతా చెప్పుకున్నానే గానీ, వరం కాకపోతే రోగమేనన్న భయం లోపల అలాగే ఉండిపోయింది. రెండూ కాదట. మా పిల్ల వాళ్ల నాన్న నిద్రను కాపాడుతోందట. అంతే.

"మీరే నేర్పిన్రా అత్తమ్మా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నేర్పకుంటే ఎట్ల బిడ్డా? మీ మామకు చీమ నడిసినా తెలివొచ్చేది. రాత్రి డ్యూటీ జేసొచ్చినోన్ని లేపితే పాపం గాదా? నీకు సుత నేనే నేర్పిన, నువ్వు కొత్తగొచ్చినప్పుడు. యాదిలేదా?"

యాదిలేదు. డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు ఎనిమిదేళ్లుగా నా పాదాల్లోనే ఉంది.

వెళ్లేటప్పుడు టీచరు నా కాగితం తిరిగి ఇచ్చింది. కారణం అన్న గడిలో పెన్సిలుతో ముద్దుగా రాసింది: డాడీ, సి షిఫ్టు. ఏం చేస్తే సరిపోతుంది అన్న చోట నేను రాసింది కొట్టేసి, రోజూ పది నిమిషాలు ఏనుగు, అని రాసింది.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట. మా ఆయన లోపలి గదిలో గాఢనిద్రలో ఉన్నాడు. నేను హాల్లో నిలబడి, మూడడుగుల దూరంలో ఉన్న ఆ తలుపు వైపు చూస్తూ ఆలోచించాను. ల్యాబులో పనిచేసిన మనిషిని. ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో చప్పుడు చేస్తే ఈయన లేస్తాడని అందరం నమ్ముతున్నాం. ఎప్పుడైనా ఒక్కసారి పరీక్ష చేశామా?

"అక్షు, ఏనుగు చెయ్యి," అన్నాను మామూలు గొంతుతో. ఆ ఇంట్లో పగటిపూట నా మామూలు గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అక్షు నానమ్మ వైపు చూసింది. అత్తమ్మ గుమ్మం పట్టుకుంది. "వద్దు బిడ్డా, లేస్తడు."

"లేస్తే లేవనీ అత్తమ్మా, ఒక్కసారి చూద్దాం."

అక్షు ఒక కాలు ఎత్తింది. కాసేపు ఆ కాలు గాలిలోనే ఆగింది. తర్వాత ధడేల్‌మని దించింది. రెండోది దించింది. ఇక ఆగలేదు. ఆరేళ్లుగా లోపల దాచుకున్న ఏనుగుల మంద మొత్తం ఒక్కసారి బయటికొచ్చినట్టు గది చుట్టూ తొక్కుకుంటూ తిరిగింది. బట్ట మీద పెట్టిన స్టీలు గిన్నెలు కూడా మోగాయి. ఓనర్ ఆంటీ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, "ఏంది స్వప్నా, బస్తా గిట్ల పడ్డదా? కింద మా పప్పుల డబ్బాలన్నీ ఊగుతున్నయి," అంది. ఏనుగు ఆంటీ అన్నాను. ఆమె తొక్కుతున్న పిల్లని చూసి, ఆ తర్వాత నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా కూర్చుంది.

లోపలి గదిలో ఏ కదలికా లేదు. నేను అటకెక్కించిన కుక్కరు దించి పప్పు పెట్టాను. నాలుగు కూతలు వచ్చాయి. మా ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిలి దిండును కావలించుకున్నాడు. అత్తమ్మ టీవీకి మాట పెట్టింది.

సరిగ్గా మూడింటికి ఆయనే లేచి, ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇయ్యాల మస్తు నిద్ర పట్టింది స్వప్నా. రోజూ ఏందో, ఇల్లంత సప్పుడు లేక నడుమ నడుమ తెలివొస్తుండె. ప్లాంటుల మోటార్ల సప్పుడుకు అలవాటైన పానం గద."

నేను అడిగాను, మరి ఇన్నేళ్లు చెప్పలేదేమని.

"మీరంత గంత కష్టపడి సప్పుడు చెయ్యకుంట ఉంటే, నిద్ర పడ్తలేదని ఎట్ల చెప్పాలె?"

అత్తమ్మ నెమ్మదిగా మంచం మీద కూలబడింది. "ఎనిమిదేండ్ల సంది మూగ సీరియళ్లు సూసిన గదరా, నరేశ్," అంది. అప్పటిదాకా తను అల్లుకున్న కథలో చనిపోయిన కోడలు అసలు కథలో పుట్టింట్లో బతికే ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

మూడో వారం కూడా అక్షుని బడికి పంపాను. వరం కోసం కాదు, ఏనుగు కోసం. ఇప్పుడు ఆ పట్టిక మళ్లీ తీసి చూస్తే, ఆ బడి వల్ల మాకు కలిగిన అసలు లాభానికి అందులో గడే లేదు. వెన్ను సంగతి తెలియదు గానీ, పిల్ల గట్టిగా అడుగేయడం నేర్చుకుంది. గట్టిగా నవ్వడం కూడా. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు పది రోజులు పల్లెకు పంపాను. మేకపిల్లల వెంట ఎంత చప్పుడుగా పరుగెత్తిందంటే, నానమ్మ ఊళ్లో అందరికీ అది బ్యాలే అని చెప్పిందట. కూలర్ తర్వాతి నెల వచ్చింది. లారీలా మోగుతుంది. దాని ముందు మా ఆయన పసిపిల్లాడిలా పడుకుంటాడు.

పల్లెకు వెళ్లేముందు మొక్కు తీర్చుకోవడానికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లాం. ఒడిబియ్యం పోశాక అత్తమ్మ, "నువ్వు సుత ఏమన్న మొక్కుకో బిడ్డా," అంది. గుడి ముందు ఆరుబయట నిలబడి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని నేను గంభీరంగా ప్రమాణం మొదలుపెట్టాను. తల్లీ, ఇక ఈ జన్మలో నా బిడ్డ గురించి ఏ పట్టిక గీసినా, మొదటి గడిలో బిడ్డను అడిగానా లేదా అని రాస్తాను. ఫోనును అడిగేముందు ఇంట్లో వాళ్ల కాళ్లు చూస్తాను, వాళ్లకంటే ముందు నా కాళ్లు చూసుకుంటాను. మార్కులు చాలలేదని కొత్త గడులు సృష్టించను. గులాబీ నెట్టు ఆరు పొరలు ఎన్నటికీ...

మే నెల చివరి ఎండ. మిట్టమధ్యాహ్నం. బండ పెనంలా కాలిపోతోంది. కళ్లు తెరిచి చూస్తే ఆ ఆవరణలో ముసలీ ముతకా, కొత్త పెళ్లికూతుళ్లు, కొబ్బరికాయలు పట్టుకున్న మగవాళ్లు, భక్తులంతా మునివేళ్ల మీద గెంతుతున్నారు. పీచు పట్టా మీద చల్లగా నిలబడి ఉన్నది అక్షు ఒక్కతే. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, అచ్చం నీలోఫర్ టీచరులా తల అడ్డంగా ఊపింది.

"మమ్మీ, మడమలు కిందికి."

దించాను. ప్రమాణం మిగతా సగం అమ్మవారికే వదిలేసి, నీడలోకి పరుగెత్తాను, మునివేళ్ల మీద.